రిబ్బన్ కత్తిరించడానికి వీల్లేని భద్రత

2025 నవంబరు 6, 7 తేదీల్లో ఢిల్లీ ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో రన్‌వే దెబ్బతినలేదు. తుపాను రాలేదు. యుద్ధం వల్ల గగనతలం మూతపడలేదు. సందేశాలను ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే ఒక కంప్యూటర్ వ్యవస్థ మొరాయించింది, అంతే. ఎనిమిది వందలకు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. రోజుకు పదిహేను వందలకు పైగా విమాన రాకపోకలను నిర్వహించే, దేశంలోనే అత్యంత రద్దీగల విమానాశ్రయం ఒక పగలూ రాత్రీ నత్తనడక నడిచింది. ఢిల్లీలో ఆలస్యమైన విమానం ముంబయిలోనూ హైదరాబాద్‌లోనూ మరో ప్రయాణానికి అందుబాటులో ఉండదు కనుక ఆ జాప్యం దేశమంతటా పాకింది. మరునాటి రాత్రికి వ్యవస్థ కోలుకుందని ప్రకటన వెలువడింది. ఆపై వార్తలు వేరే దారి పట్టాయి. పాలకులు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఊపిరి పీల్చుకోవడమే అసలు సమస్య. యంత్రం అన్నాక చెడిపోతుంది. చెడిపోయినప్పుడు సేవ ఎలా కొనసాగుతుందన్న ప్రశ్నకు ముందుగా రాసిపెట్టుకున్న, సాధన చేసిన, పరీక్షకు నిలిచిన సమాధానం ఉందా లేదా అన్నది రాజ్యం బాధ్యత. భారత పౌర విమానయానంలో ఆ బాధ్యతను సాంకేతిక నిపుణుల గదిలోకి నెట్టి తలుపు వేసేశారు. దానిని తిరిగి రాజకీయ చర్చలోకి లాగవలసిన సమయం వచ్చింది.

మొరాయించిన వ్యవస్థ పేరు ఆటోమేటిక్ మెసేజ్ స్విచింగ్ సిస్టమ్, పొట్టిగా ఏఎంఎస్‌ఎస్. సామాన్య ప్రయాణికుడు ఈ పేరు విని ఉండడు. విమానం బయలుదేరడానికి ముందే విమానయాన సంస్థ ఒక ప్రయాణ ప్రణాళికను దాఖలు చేస్తుంది. ఏ రకం విమానం, ఏ మార్గం, ఎంత ఎత్తు, ఏ వేళకు ఏ బిందువు దాటుతుంది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. వాతావరణ సమాచారం, రన్‌వేలు, మార్గాల గురించి పైలట్లకు జారీ అయ్యే నోటమ్ హెచ్చరికలు కూడా ఇదే తోవలో ప్రయాణిస్తాయి. ఈ సందేశాలను స్వీకరించి, వర్గీకరించి, కంట్రోలర్ ముందున్న తెరకు ఆధారమైన వ్యవస్థకు అందజేయడమే ఏఎంఎస్‌ఎస్ పని. అది ఆగితే రాడార్ ఆగదు, రేడియో ఆగదు. కాని ఏ చుక్క ఏ విమానానిదో, అది ఎక్కడికి పోతోందో చెప్పే సమాచారాన్ని మనుషులు చేత్తో ఎక్కించాల్సి వస్తుంది. భద్రత కోసం విమానాల మధ్య వ్యవధి పెంచుతారు. బయలుదేరే విమానాలు బారులు తీరతాయి. ఢిల్లీలో జరిగింది ఇదే. అదనపు సిబ్బందిని రప్పించి ప్రయాణ ప్రణాళికలను చేత్తో నమోదు చేయించామని, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ బృందం కూడా అక్కడే ఉండి మరమ్మతుల్లో పాల్గొన్నదని అధికారిక ప్రకటనలు తెలిపాయి.

పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు కంట్రోల్ కేంద్రాన్ని స్వయంగా సందర్శించారు. వైఫల్యానికి మూలకారణాన్ని లోతుగా విశ్లేషించాలని, అదనపు లేదా ప్రత్యామ్నాయ సర్వర్లు సహా వ్యవస్థను పటిష్ఠం చేసే చర్యలకు ప్రణాళిక వేయాలని ఆదేశించారు. మంత్రి వెళ్లడం మంచిదే, ఆదేశించడమూ మంచిదే. అయితే ఆ ఆదేశం తనకు తెలియకుండానే ఒక వాంగ్మూలం ఇచ్చింది. దేశ రాజధాని గగనతలానికి ప్రాణాధారమైన వ్యవస్థకు అదనపు సర్వర్లు కావాలన్న సంగతి అది కుప్పకూలిన తరువాత ఆదేశంగా వెలువడిందంటే రెండే అర్థాలుంటాయి. తగిన ప్రత్యామ్నాయం లేకపోయి ఉండాలి, లేదా ఉన్న ప్రత్యామ్నాయం అవసరానికి పనిచేయకపోయి ఉండాలి. మొదటిది నిర్లక్ష్యం. రెండోది అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే ఉన్నదన్న భ్రమలో అందరినీ నిద్రపుచ్చింది. ఈ రెంటిలో ఏది నిజమో తెలుసుకునే హక్కు టికెట్ కొన్న ప్రతి పౌరుడికీ ఉంది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడానికి ముహూర్తం పెట్టడాన్ని సత్వర స్పందన అని పిలవడం భాషకు కూడా అన్యాయమే.

ముందస్తు హెచ్చరికలు లేవని చెప్పుకునే వీలు కూడా పాలకులకు లేదు. వ్యవస్థలు నెమ్మదిస్తున్నాయని, వాటి పనితీరు దిగజారుతోందని, ఆధునికీకరణ తక్షణావసరమని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల గిల్డ్ అదే ఏడాది జూలైలోనే లిఖితపూర్వకంగా హెచ్చరించింది. ఆగస్టులో రవాణా, పర్యాటక, సంస్కృతి వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం పౌర విమానయాన భద్రతపై నివేదిక సమర్పించి, కంట్రోలర్ల కొరతను, అలసటను, కాలంచెల్లుతున్న ఆటోమేషన్ వ్యవస్థలను ప్రస్తావించింది. పనిచేసేవారు చెప్పారు, ప్రజాప్రతినిధులు చెప్పారు, నవంబరులో యంత్రమే చెప్పింది. ప్రభుత్వం చెవికెక్కింది మూడోది మాత్రమే.

ఈ చెవుడు ఒక మంత్రిదో, ఒక పార్టీదో కాదు. దశాబ్దాలుగా అన్ని ప్రభుత్వాలకూ ఉన్న అలవాటు ఇది. 2014లో 74గా ఉన్న విమానాశ్రయాలు పదేళ్లలో రెట్టింపుకు మించాయని ప్రస్తుత ప్రభుత్వం ప్రతి వేదికపైనా చెప్పుకుంటుంది. అది నిజమైన విజయమే. చిన్న పట్టణాలకు విమానం రావడాన్ని తప్పుపట్టనవసరం లేదు. కాని టెర్మినల్‌కు శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ప్రత్యామ్నాయ కంట్రోల్ కేంద్రానికి అవేవీ ఉండవు. అది సక్రమంగా ఉన్నంత కాలం ఎవరికీ కనిపించదు, అవసరపడిన నాడు కూడా ఏమీ జరగకపోవడమే దాని ఘనత. ఏమీ జరగలేదని చెప్పుకుని ఓటు అడగడం కష్టం. అందుకే బడ్జెట్ కత్తెర ముందుగా అక్కడే పడుతుంది, వాయిదా ముద్ర ముందుగా ఆ ఫైలుపైనే పడుతుంది.

ప్రభుత్వ సమర్థకులు చెప్పే మొదటి మాట: సాంకేతిక వైఫల్యాలు సంపన్న దేశాల్లోనూ జరుగుతున్నాయి కదా. జరుగుతున్నాయి. ఆ ఉదాహరణలను చివరిదాకా చదివితే అవి సమర్థకుల పక్షాన నిలవవు.

2023 ఆగస్టు 28న బ్రిటన్ గగనతల సేవల సంస్థ న్యాట్స్ వ్యవస్థ కుప్పకూలింది. లాస్ ఏంజెలిస్ నుంచి పారిస్ వెళ్లే ఒక విమానం ప్రయాణ ప్రణాళికలో, ప్రపంచంలో రెండు వేర్వేరు చోట్ల ఉన్న రెండు బిందువులకు ఒకే సంకేతనామం ఉండటంతో సాఫ్ట్‌వేర్ తికమకపడింది. తప్పుడు సమాచారం కంట్రోలర్లకు పోకూడదని ప్రధాన వ్యవస్థ తనను తాను ఆపుకుంది. ప్రత్యామ్నాయ వ్యవస్థ రంగంలోకి దిగింది, అదే ప్రణాళికను చదివింది, అదే సాఫ్ట్‌వేర్ కనుక అదే విధంగా ఆగిపోయింది. ఇదంతా నిమిషంలోపే ముగిసింది. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇక్కట్ల పాలయ్యారు. బ్యాకప్ ఉండటం వేరు, సేవ కొనసాగడం వేరు అన్న పాఠాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదంతం లేదు. ఒకే అచ్చులో పోసిన రెండు తాళాలను ఒకే తాళంచెవి తెరుస్తుంది. అదనపు సర్వర్లు అన్న మాట వినగానే ఊరట చెందేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. ఆ సర్వర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ ఏది, అవి ఉండే భవనం ఏది, వాటికి విద్యుత్తు వచ్చే మార్గం ఏది అన్నవే అసలు ప్రశ్నలు.

అదే ఏడాది జనవరి 11న అమెరికాలో నోటమ్ వ్యవస్థ విఫలమై, దేశవ్యాప్తంగా విమానాలు బయలుదేరకుండా నిలిపివేయాల్సి వచ్చింది. ప్రధాన డేటాబేస్‌నూ ప్రత్యామ్నాయ డేటాబేస్‌నూ సరిపోల్చే పనిలో ఉన్న కాంట్రాక్టు సిబ్బంది పొరపాటున కొన్ని ఫైళ్లను తొలగించడం దానికి కారణమైంది. రక్షణ కోసం ఏర్పరచిన ప్రత్యామ్నాయాన్ని నిర్వహించే క్రమంలోనే ప్రమాదం పుట్టింది. పది రోజుల ముందు, కొత్త సంవత్సరం మొదటి రోజున, మనీలాలో విద్యుత్ సరఫరా లోపంతో ఫిలిప్పీన్స్ గగనతలమే మూతపడింది.

బ్రిటన్ పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఆ తరువాత స్వతంత్ర సమీక్ష జరిపించింది, తుది నివేదికను 2024 నవంబరులో బయటపెట్టింది. ఏ ఇంజినీరు ఎక్కడున్నాడు, అతడు ప్రాంగణానికి చేరడానికి ఎంతసేపు పట్టింది, ప్రయాణికులకు సమాచారం ఎందుకు అందలేదు అన్నవన్నీ అక్షరం పొల్లుపోకుండా ప్రజల ముందుకు వచ్చాయి. విదేశాల్లో కూడా వ్యవస్థలు కూలుతాయని చెప్పేవారు, అక్కడ కూలిన తరువాత ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. వైఫల్యాన్ని దిగుమతి చేసుకుని జవాబుదారీతనాన్ని సరిహద్దు దగ్గరే ఆపేయడం కుదరదు.

సమర్థకుల రెండో మాట: ఆలస్యమైంది గాని ఎవరికీ ప్రాణాపాయం జరగలేదు కదా. ఢిల్లీలో ప్రాణాపాయం జరగకపోవడం కంట్రోలర్ల నైపుణ్యానికి నిదర్శనం. దానిని వ్యవస్థ గొప్పతనంగా జమకట్టుకోవడం అన్యాయం. యంత్రం విడిచిన భారాన్ని మనిషి మోసిన ప్రతిసారీ కథ సుఖాంతం కాదు. 2002 జులై 1 రాత్రి జర్మనీ, స్విట్జర్లాండ్ సరిహద్దుల్లోని యూబర్‌లింగెన్ గగనతలంలో రెండు విమానాలు ఢీకొని 71 మంది మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలు. ఆ రాత్రి జ్యూరిచ్ కేంద్రంలో మరమ్మతుల కారణంగా ప్రధాన టెలిఫోన్ లైన్లు పనిచేయడం లేదు. ప్రమాద హెచ్చరిక వ్యవస్థ పరిమిత స్థాయిలో మాత్రమే నడుస్తోంది. ఒకే కంట్రోలర్ రెండు స్థానాల బాధ్యత చూస్తున్నాడు. పొరుగున ఉన్న కార్ల్‌స్రూహె కేంద్రంలోని కంట్రోలర్లు ముంచుకొస్తున్న ప్రమాదాన్ని తెరపై చూశారు, ఫోను చేశారు, లైను కలవలేదు. విడివిడిగా చూస్తే వీటిలో ఏ ఒక్కటీ ప్రళయం కాదు. మరమ్మతు మామూలు విషయం, రాత్రిపూట సిబ్బంది తక్కువగా ఉండటం మామూలు అలవాటు. అన్నీ ఒకే రాత్రి కలిసినప్పుడు ఏం చేయాలో ఎవరూ ఆలోచించి ఉంచలేదు. ఆ సంస్థకు చెందిన నలుగురు మేనేజర్లను స్విస్ న్యాయస్థానం 2007లో దోషులుగా నిర్ధారించింది. కుర్చీలో కూర్చున్న కంట్రోలర్‌తోనే బాధ్యత ఆగిపోదని, ఆ కుర్చీ చుట్టూ వ్యవస్థను అలా ఉంచినవారిదాకా పోతుందని ఆ తీర్పు గుర్తుచేసింది.

అంతదూరం పోనవసరం కూడా లేదు. 1996 నవంబరు 12న ఢిల్లీకి సమీపాన చర్ఖీ దాద్రీ గగనతలంలో సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. ప్రపంచ విమానయాన చరిత్రలో ఆకాశంలో జరిగిన ఢీకొట్టుడు ప్రమాదాల్లో అంతకు మించిన ప్రాణనష్టం మరొకటి లేదు. కజక్ విమానం తనకు కేటాయించిన ఎత్తు కంటే దిగువకు దిగడం తక్షణ కారణమని న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ విచారణ తేల్చింది. కాని ఆనాడు ఢిల్లీ కంట్రోలర్ ముందున్న రాడార్ విమానం ఎంత ఎత్తున ఉందో చూపించే స్థాయిది కాదు. సైనిక గగనతలం పోగా మిగిలిన ఇరుకు మార్గంలోనే వచ్చే విమానాలు, పోయే విమానాలు ఎదురెదురుగా నడిచేవి. ఎత్తు చూపే రాడార్, వేర్వేరు మార్గాలు, విమానాల్లో ఢీకొట్టుడు నివారణ పరికరాల నిబంధన ప్రమాదం తరువాతే ఊపందుకున్నాయి. శవాలను లెక్కపెట్టిన తరువాత ఆధునికీకరించే సంప్రదాయానికి అది తొలి పాఠం. ముప్పై ఏళ్లు కావస్తున్నా ఆ క్రమం తిరగబడలేదు.

ఈ నేపథ్యంలో ప్రభుత్వం తలపెట్టిన ఒక బృహత్ పథకాన్ని పరిశీలించాలి. భారత గగనతలం ప్రస్తుతం ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై కేంద్రాలుగా నాలుగు సమాచార ప్రాంతాలుగా విభజితమై ఉంది. గువాహటి ఉప కేంద్రం. సముద్రంపై భాగాన్ని కలుపుకుంటే ఈ గగనతలం విస్తీర్ణం 28 లక్షల చదరపు నాటికల్ మైళ్లు. వీటన్నిటినీ నాగ్‌పూర్ కేంద్రంగా ఏకీకృతం చేయాలన్నది ఇషాన్ పేరిట ఉన్న ఆలోచన. దానికి సవివర నివేదిక తయారీ కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2024లో ఆసక్తి గల సంస్థలను ఆహ్వానించింది. ఒకే దేశం, ఒకే పన్ను, ఒకే ఎన్నిక, ఒకే రేషన్ కార్డు అన్న వరుసలో ఇక ఒకే ఆకాశం.

ఏకీకరణకు ప్రయోజనాలు లేవనడం సరికాదు. ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి విమానాన్ని అప్పగించే సందర్భాలు తగ్గుతాయి. మార్గాలు సూటిగా ఉంటాయి. ఇంధనం ఆదా అవుతుంది. నియమాలు ఏకరీతిన ఉంటాయి. అయితే ఏకీకరణ రెండు రకాలు. నియమాలను, సమాచారాన్ని, సాంకేతిక ప్రమాణాలను ఏకం చేసి, అవసరమైతే ఏ కేంద్రమైనా పొరుగు కేంద్రం బాధ్యతను అందుకోగలిగేలా చేయడం మొదటిది. అన్నిటినీ ఒకే భవనంలోకి చేర్చడం రెండోది. మొదటిది బలం. రెండోది గుడ్లన్నీ ఒకే బుట్టలో సర్దడం.

దీనికి సాక్ష్యం అమెరికాలోనే ఉంది. 2014 సెప్టెంబరు 26న చికాగో గగనతలాన్ని నియంత్రించే అరోరా కేంద్రంలో ఒక కాంట్రాక్టు ఉద్యోగి నేలమాళిగలోని సమాచార తీగలకు నిప్పుపెట్టాడు. కేంద్రం ఖాళీ అయింది. మొదటి రోజే వేల విమానాలు రద్దయ్యాయి. పూర్తిగా కోలుకోవడానికి రెండు వారాలకు పైగా పట్టింది. కాని ఆ రెండు వారాలూ అమెరికా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మినియాపొలిస్, ఇండియానాపొలిస్, కాన్సస్ సిటీ, క్లీవ్‌లాండ్ కేంద్రాలు ఆ గగనతలాన్ని ముక్కలుగా పంచుకున్నాయి. చికాగో కంట్రోలర్లు అక్కడికి వెళ్లి పనిచేశారు. పొరుగు కేంద్రాలు ఉన్నాయి కనుకే అది సాధ్యమైంది. నాగ్‌పూర్‌లో అన్నీ పోగుచేసిన తరువాత అక్కడ ఒక అగ్నిప్రమాదమో, ఒక విద్యుత్ వైఫల్యమో సంభవిస్తే పంచుకోవడానికి పొరుగున ఎవరుంటారు? నాలుగు పాత కేంద్రాలను సిబ్బందితో, శిక్షణతో, సజీవంగా ఉంచుతారా? లేక భవనాలను అద్దెకిచ్చి, కంట్రోలర్లను బదిలీ చేసి పొదుపు చేశామని ప్రకటిస్తారా? సవివర నివేదికలో ముందుగా రాయవలసిన అధ్యాయం ఇది. పథకం పేరుకు అక్షరాలు కుదిర్చిన శ్రద్ధలో కొంతైనా దీనిపై పెట్టాలి.

ప్రకృతి కూడా ఇదే ప్రశ్న అడిగింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం విమానాశ్రయాన్ని ఛిద్రం చేసింది, సహాయక విమానాలు అత్యవసరమైన రోజుల్లోనే అక్కడి పౌర సేవలు నిలిచిపోయాయి. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడితే అరక్కోణంలోని నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ రాజాలి నుంచి ప్రయాణికులను తరలించారు. నౌకాదళం ఆదుకోవడం ప్రశంసనీయం. కాని ఆపద్ధర్మాన్ని ప్రణాళికగా భ్రమించకూడదు. తూర్పు తీరం పొడవునా తుపాన్లు ఏటా వచ్చే అతిథులు. భోగాపురంలో కొత్త విమానాశ్రయాన్ని నిర్మిస్తున్న రాష్ట్రం, దానితోపాటు తుపాను రోజున ఉత్తరాంధ్ర గగనతలాన్ని ఎవరు, ఎక్కడి నుంచి, ఏ విద్యుత్తుతో చూస్తారన్న ప్రశ్నకు కూడా కేంద్రం నుంచి సమాధానం రాబట్టాలి.

ముప్పు ఉపగ్రహ సంకేతాల రూపంలోనూ వస్తోంది. ఢిల్లీ వ్యవస్థ కుప్పకూలిన ఆ నవంబరులోనే అక్కడ దిగుతున్న కొన్ని విమానాలకు తప్పుడు జీపీఎస్ సంకేతాలు అందాయి. హైదరాబాద్ సహా ఇతర ప్రధాన విమానాశ్రయాల నుంచి కూడా జీపీఎస్ అంతరాయాలు నమోదయ్యాయని డిసెంబరు మొదట్లో ప్రభుత్వమే రాజ్యసభకు తెలిపింది. భూమిపై ఉన్న సంప్రదాయ నావిగేషన్ పరికరాలతో కనీస వ్యవస్థను కొనసాగిస్తున్నామని కూడా చెప్పింది. ఇది సరైన ఆలోచనా విధానం. కొత్త సాంకేతికత వచ్చిందని పాత దారిని పూర్తిగా చెరిపివేయకుండా, అది మోసగించిన నాడు నడవడానికి ఒక కాలిబాట మిగుల్చుకోవడం వివేకం. ఉపగ్రహ సంకేతాల విషయంలో ఒప్పుకున్న ఈ సూత్రం సందేశ వ్యవస్థకు, కంట్రోల్ కేంద్రాలకు, విద్యుత్తుకు, మనుషులకు ఎందుకు వర్తించదు?

దక్షిణాసియాలో ఈ ప్రశ్నకు మరింత పదునుంది. 2021 ఆగస్టులో కాబూల్ పతనమైనప్పుడు అఫ్గాన్ గగనతలం రాత్రికి రాత్రే నియంత్రణ లేని ప్రాంతంగా మారింది. అమెరికా నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం షార్జాకు మళ్లాయి. 2025 ఏప్రిల్ చివరి నుంచి పాకిస్తాన్, భారత్ పరస్పరం విమానాలకు గగనతలాన్ని మూసివేశాయి. మే నెల ఘర్షణలో ఉత్తర, పశ్చిమ భారతంలోని 32 విమానాశ్రయాలు తాత్కాలికంగా మూతపడ్డాయి. ఒక కేంద్రం మూగబోతే దాని భారం పొరుగు కేంద్రంపై పడాలి. ఈ ప్రాంతంలో పొరుగువాడు అందుకోవడానికి సిద్ధంగా లేని సందర్భాలే ఎక్కువ. యూరప్‌లో ఒక దేశం మరో దేశం గగనతలాన్ని చూసుకునే ఏర్పాట్లున్నాయి. ఆ వెసులుబాటు లేని దేశం తన లోపలే ప్రత్యామ్నాయాలను రెట్టింపు చేసుకోవాలి, అంతేగాని ఉన్న నాలుగింటినీ ఒకటిగా కుదించుకోకూడదు.

యంత్రాల కంటే ముందు చెప్పవలసినది మనుషుల సంగతి. సేవ కొనసాగింపు ప్రణాళికలో చివరి పంక్తి ఎప్పుడూ ఒక్కటే: అన్నీ విఫలమైతే కంట్రోలర్ చేత్తో నడుపుతాడు. ఆ పంక్తి నిజం కావాలంటే అదనపు కంట్రోలర్లు ఉండాలి, వారు విశ్రాంతి తీసుకుని ఉండాలి, చేత్తో నడపడాన్ని ఏటా సాధన చేసి ఉండాలి. మామూలు రోజునే డ్యూటీ పట్టిక నింపడానికి సతమతమయ్యే కేంద్రం, అసాధారణ దినాన రెట్టింపు పనిని ఎవరితో చేయిస్తుంది? విమానాలు పెరిగాయి, విమానాశ్రయాలు పెరిగాయి, కంట్రోలర్ల సంఖ్య ఆ వేగంతో పెరగలేదన్నది స్థాయీ సంఘం పరిశీలనే. నియంత్రణ సంస్థ డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో సగానికి దగ్గరగా ఖాళీగా ఉన్నాయని కూడా అదే సంఘం ఎత్తిచూపింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలకు సరిపడా సిబ్బందిని సమకూర్చుకోని ఒక ప్రైవేటు సంస్థ కారణంగా 2025 డిసెంబరులో వేల విమానాలు రద్దయినప్పుడు ప్రభుత్వం ఆ సంస్థకు క్రమశిక్షణ పాఠం చెప్పింది. ఆ పాఠంలోని ప్రతి వాక్యం తన కంట్రోల్ గదులకూ వర్తిస్తుంది.

ఇక్కడే సంస్థాగతమైన చిక్కు కూడా ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాలను నడుపుతుంది, గగనతల సేవలనూ నడుపుతుంది. దానిపై పర్యవేక్షణ డీజీసీఏది. ఆ రెండూ ఒకే మంత్రిత్వ శాఖ నీడలో ఉంటాయి. సేవ చేసేవాడు, తప్పు పట్టేవాడు, ఇద్దరికీ జీతమిచ్చేవాడు ఒకే గూటివారైతే విచారణ ఎంత లోతుకు పోతుందో ఊహించడం కష్టం కాదు. గగనతల సేవలను ప్రత్యేక సంస్థగా వేరుచేయాలన్న ప్రతిపాదన ఎన్నో ఏళ్లుగా ఫైళ్లలో తిరుగుతోంది. వేరుచేయడమే సర్వరోగ నివారిణి కాదు. బ్రిటన్‌లో కూలింది ప్రత్యేక సంస్థ వ్యవస్థే. కాని అక్కడ దానిని నిలదీసే నియంత్రణ సంస్థ వేరుగా, బలంగా ఉంది.

డబ్బు లేదన్న మాట చెల్లదు. భారత గగనతలం మీదుగా పోయే ప్రతి విమానం మార్గ నావిగేషన్ రుసుము చెల్లిస్తుంది. ఆ రుసుము అంతిమంగా ప్రయాణికుడి టికెట్‌లోనే కలుస్తుంది. ఆ సొమ్ము తీసుకున్నది సేవ అందించడానికి. సేవ అంటే బాగున్న రోజుల సేవ మాత్రమే కాదు. భద్రతా కారణాల రీత్యా వివరాలు చెప్పలేమన్న మాట కూడా సగమే చెల్లుతుంది. సర్వర్ల చిరునామాలు, సంకేతపదాలు ఎవరూ అడగడం లేదు. ప్రణాళిక ఉందా, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, పరీక్షలో ఏం తేలింది అన్నది అడుగుతున్నారు. ఆపద సమయాల్లో గగనతల సేవల కొనసాగింపునకు ప్రణాళికలు రూపొందించుకోవాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ తన పదకొండో అనుబంధంలో సభ్యదేశాలకు స్పష్టంగా నిర్దేశించింది. భారత్ దానిపై సంతకం చేసిన దేశం. ప్రణాళిక కాగితంపై ఉండటం ఐసీఏఓకు సరిపోవచ్చు. ఢిల్లీలో బోర్డింగ్ ద్వారం ముందు కింద కూర్చున్న ప్రయాణికుడికి సరిపోదు.

కనుక పార్లమెంటు అడగవలసినవి సూటిగా ఉన్నాయి. నవంబరు వైఫల్యంపై మూలకారణ విశ్లేషణను, భద్రతా రహస్యాలు మినహాయించి, ఉభయ సభల ముందు ఉంచాలి. ప్రతి ప్రధాన గగనతల కేంద్రానికీ వేరే నగరంలో, వేరే విద్యుత్ వనరుతో, సిబ్బంది సాధన చేసిన ప్రత్యామ్నాయ కేంద్రాన్ని గుర్తించి, ఏడాదికి ఒకసారైనా నిజంగా అక్కడి నుంచి నడిపి చూపాలి. ఏ సేవ ఆగితే ఎన్ని నిమిషాల్లో ఏ స్థాయికి పునరుద్ధరిస్తారో ప్రకటించాలి, ఆ గడువు తప్పినప్పుడు సంజాయిషీ చెప్పాలి. ప్రత్యామ్నాయ వ్యవస్థ ప్రధాన వ్యవస్థకు నకలు కాకూడదన్న నియమాన్ని కొనుగోలు ఒప్పందాల్లోనే చేర్చాలి. నాగ్‌పూర్ పథకం ఈ షరతులు నెరవేర్చిన తరువాతే ముందుకు సాగాలి. కంట్రోలర్ల ఖాళీలను కాలపరిమితితో భర్తీ చేయాలి, వారు రాసే హెచ్చరిక లేఖలకు నిర్ణీత గడువులో లిఖితపూర్వక సమాధానం ఇవ్వడాన్ని విధిగా చేయాలి.

ఇవి విప్లవాత్మకమైన కోరికలు కావు. ఒక మోస్తరు బ్యాంకు తన ఖాతాదారుల లెక్కల కోసం పాటించే జాగ్రత్తలే. పొదుపు ఖాతాలోని రూపాయికి వేరే నగరంలో రెండో రక్షణ కేంద్రం ఉన్న దేశంలో, ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఉన్న మనిషికి కూడా అంతే రక్షణ ఉందా అన్న ప్రశ్నకు పౌర విమానయాన శాఖ ఇంకా సమాధానం బాకీ ఉంది. ఆ బాకీ తీర్చడానికి మరో నవంబరు దాకా ఆగనవసరం లేదు. రానున్న పార్లమెంటు సమావేశాల్లో తొలి ప్రశ్న దీనిపైనే పడాలి, ఆ ప్రశ్న వేయవలసిన బాధ్యత ప్రతిపక్షానికి ఎంత ఉందో, రోజూ ఢిల్లీకి విమానంలో వచ్చిపోయే అధికార పక్ష సభ్యులకూ అంతే ఉంది.